కోలీ రక్తపు లర్చరు – ఇంగ్లాండు పల్లెల వేటకుక్క

ఇంగ్లాండు పల్లెలలో ‘లర్చరు’ అను వేటకుక్క యొకటి కలదు. ఇది జాతికుక్క కాదు. కుక్కల వంశావళులను వ్రాసి యుంచు లండనులోని కెన్నెల్ క్లబ్బువారి పట్టికలలో దీని పేరు జాతిగా కానరాదు. కంటితో చూచి వేగముతో పట్టునట్టి గ్రేహౌండు మొదలగు పరుగుకుక్కను, మందను కాచు కుక్కతో గాని, బొరియలలో దూరు టెరియరుతో గాని కలిపినప్పుడు పుట్టిన పిల్ల లర్చరు. తల్లిదండ్రు లిరువురును పరుగుకుక్కలే యైనచో ఆ పిల్లను లర్చరు అనక ‘లాంగ్‌డాగ్’ అందురు. లర్చర్లలో పలు విధములున్నను, పని తెలిసినవారు తరచుగా మెచ్చుకొనునది గొఱ్ఱెల కాపరికుక్కయైన కోలీ రక్తము కలిసినది.

సీమ దేశపు కుక్కతో మన పంచాయతీ సభ్యులకు పని యేమని అడుగవచ్చును. మన పల్లెలలో నాటు ఆవులకు జెర్సీ రక్తమును ఎక్కించునప్పుడు ఎంత పాలు ఎక్కింపవలెనను ప్రశ్న వచ్చుచునే యున్నది గదా. ఆ ప్రశ్ననే అక్కడి సామాన్య ప్రజలు, ఏ ప్రయోగశాలయు లేకుండ, కుక్కల విషయమున రెండు మూడు శతాబ్దులుగా పరిశీలించుచు వచ్చిరి. ఇది యొక కారణము. ఒకే కుక్క ఒక రైతునకు పంటను కాపాడు సాధనమై, వేరొక రైతునకు పంటను త్రొక్కించు ఉపద్రవ మగుట, దానిని గూర్చి శాసనములు మాటిమాటికి మారుట మరియొక కారణము.

పేదవాని కుక్క

లర్చరు అను పేరే దానికి మంచి పేరు కాదు. పొంచియుండుట, దొంగచాటుగా తీసికొని పోవుట అను నర్థమిచ్చు పాత ఇంగ్లీషు మాటనుండి ఆ పేరు వచ్చినది. అట్టి పేరు రావలసిన స్థితి అక్కడి వేట చట్టములలోనే యున్నది. 1671వ సంవత్సరపు వేట చట్టము ప్రకారము, ఏటికి 100 పౌనుల రాబడి గల సొంత భూమి యున్నవారు మొదలగు కొలదిమంది పెద్దలకు దప్ప తక్కినవారికి తుపాకులు, వలలు, గ్రేహౌండ్లు, కుందేటి కుక్కలు ఉంచుకొను హక్కు లేదు. భూస్వామి నియమించిన వేటకావలివాడు అనుమానము కలిగిన ఇంటిని సోదా చేసి, కుక్కను పట్టుకొని పోవచ్చును. కాబట్టి పేదవాడు గ్రేహౌండు వలె కానరాని, గ్రేహౌండు వలె పరుగెత్తునట్టి కుక్కను కోరెను. గరుకు వెండ్రుకలు గల కాపరికుక్క రక్తము కలిసినచో, బాటవెంట పోవుచున్నప్పుడు అది పశువులను తోలువాని కుక్క వలెనే కనబడును. చిత్రకారుడు, గ్రంథకర్తయు నగు థామస్ బ్యూయిక్ 1790లో ప్రచురించిన చతుష్పాద జంతువుల చరిత్రలో లర్చరును వేరుగా వర్ణించినాడు. గ్రేహౌండు కంటె చిన్నది, కాళ్ళు పొట్టివి, బలమైనవి, వెండ్రుకలు గరుకైనవి అని ఆయన వర్ణన.

శిక్షలు తేలికయైనవి కావు. 1828 నాటి రాత్రివేట చట్టము క్రింద, పరుల భూమిలో రాత్రివేళ కుందేళ్ళను పట్టుచు మూడవసారి దొరకినవానికి ఏడు సంవత్సరముల ద్వీపాంతరవాసము విధింపవచ్చును. ఒక పూట కూరకొరకు పోయినవాడు ఓడయెక్కి ఆస్ట్రేలియా చేరుట సంభవించెడిది. 1831లో పాత ఆస్తి నియమము తొలగింపబడినది. అంతకంటె ముఖ్యమైనది 1880 నాటి చట్టము. కౌలుకు తీసికొన్న భూమిలో తన పైరును తినుచున్న కుందేళ్ళను చంపు హక్కు కౌలురైతునకు దానివలన లభించినది. భూస్వామి కౌలు పత్రములో ఏమి వ్రాయించుకొన్నను ఆ హక్కు పోదు. అంతకు ముందు రైతు తన కష్టార్జితమైన పైరును కుందేళ్ళు మేయుచుండగా చేతులు కట్టుకొని చూడవలసి వచ్చెడిది. ఈ చట్టము తరువాతనే లర్చరు పగటివేళ, తలయెత్తుకొని, రైతు వెంట పొలములోనికి పోగలిగినది.

ఇచ్చట కుందేలు అను మాటను గూర్చి ఒక వివరణ అవసరము. మన చెవులపిల్లి వలె నేలపై పడకచేసికొని యుండునది వేరు, గుంపులుగా బొరియలు త్రవ్వుకొని యుండునది వేరు. గట్లను బోలుగా చేసి, లేత పైరును, పచ్చికను కొరికివేసి నష్టము కలిగించునది రెండవది. దీనిని ఈ వ్యాసమున బొరియ కుందేలు అందుము. లర్చరు నిత్యకృత్యము దీనితోనే.

పాళ్ళ లెక్క

గ్రేహౌండు శరీరమంతయు వేగముకొరకే యేర్పడినది. దాని గుండె పెద్దది, రక్తమున ఎఱ్ఱకణముల పాలు ఇతర కుక్కలకంటె హెచ్చు, దేహమున కొవ్వు స్వల్పము. గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగమును అందుకొనగలదు. పందెపు మైదానమున 480 మీటర్ల దూరమును మంచి కుక్క 30 సెకండ్ల లోపున ముగించును. కాని ఆ వేగము కొలది దూరమునకే. చర్మము పలుచన, వెండ్రుక పొట్టి. ముళ్ళతీగె తగిలిన చీరుకొనిపోవును. చలివానలో గంటలకొలది నిలువజాలదు. ఎదుట పరుగెత్తుదానిని వెంబడించుట తప్ప ఆలోచన తక్కువ.

కోలీ దీనికి కేవలము విరుద్ధము. ఇంగ్లాండు, స్కాట్లండు సరిహద్దు కొండలలో మందలను త్రిప్పు బోర్డర్ కోలీ రోజంతయు నడచినను అలయదు. నార్తంబర్లండులో ఆడమ్ టెల్ఫర్ అను రైతు ఇంట 1893లో పుట్టిన ‘హెంప్’ అను కుక్క సంతతియే నేటి బోర్డర్ కోలీలలో అధికభాగము. అది మొరుగక, కరువక, నేలకు వంగి, కేవలము చూపుతోనే గొఱ్ఱెలను కదిలించెడిది. యజమాని ఈలను బట్టి అర కిలోమీటరు దూరమున సైతము ఆగుట, వంగుట, ప్రక్కకు తిరుగుట ఈ జాతికి సహజముగా అబ్బిన విద్య. పాదములు గట్టివి, ముక్కు చురుకైనది, వెండ్రుక వానకు ఓర్చునది. ఐనను వట్టి కోలీ కుందేటిని పరుగున పట్టజాలదు.

ఈ రెండిటిని కలుపునప్పుడు సాధారణముగా గ్రేహౌండు ఆడుదానిని, కోలీ మగదానిని ఎన్నుకొందురు. మొదటి కలయికలోని పిల్లలు చాలవరకు ఒకే తీరుగా నుండును. సంకర మొక్కజొన్న విత్తనమును మొదటిసారి చల్లినప్పుడు చేను సమముగా నుండునట్లే ఇదియు. సగము గ్రేహౌండు, సగము కోలీ యగు ఈ కుక్క బలిష్ఠము, మిక్కిలి బుద్ధిశాలి, ఎంత పనికైనను ఓర్చునది. బొరియ కుందేటికి ఇది చాలును గాని, తెరపి నేలమీద దీని వేగము కొంచెము కొఱత పడును.

ఈ కొఱతను తీర్చుటకై సగపాలు ఆడుకుక్కను మరల గ్రేహౌండుతో దాటింతురు. పుట్టిన పిల్లలలో మూడు వంతులు గ్రేహౌండు, ఒక వంతు కోలీ యుండును. దీనికే గిరాకీ యెక్కువ. వేగము చాలవరకు తిరిగి వచ్చును, బుద్ధియు కొంత నిలుచును. ఐతే ఈ పిల్లలు మొదటి కలయికవలె సమముగా నుండవు. ఒక పిల్లకు తల్లి తెలివి వచ్చును. దాని తోడబుట్టినదానికి గ్రేహౌండు పలుచని చర్మమును, మందబుద్ధియు వచ్చును. రెండు సగపాలు కుక్కలను ఒకదానితో నొకటి కలిపినచో తేడాలు మరింత హెచ్చును. మరుసటి సంవత్సరము ఆ సంకర మొక్కజొన్న గింజనే విత్తనముగా ఉంచుకొన్న రైతునకు చేనిలో ఒక మొక్క పొడుగు, ఒక మొక్క పొట్టియు రావడము అనుభవమే గదా. పాలు లెక్కకు సరిపోయినంత మాత్రమున పిల్ల సరిపోవునని అనుకొనరాదు. పని తెలిసినవారు పాళ్ళను చెప్పి అమ్మువానిని నమ్మరు. తల్లి పనిచేయుచుండగా చూచి, తండ్రి పనిచేయుచుండగా చూచి, అటుపిమ్మట పిల్లను కొందురు. మనవారు దున్నపోతును కొనునప్పుడు చేయు విచారణయు నిట్టిదే.

కోలీలలో ‘మెర్ల్’ అను బూడిదనీలి మచ్చల రంగు కలదు. చూచుటకు ముచ్చట గొల్పును. లర్చర్లలో సైతము ఆ రంగును కోరువారు పెక్కురు. కాని మెర్ల్ రంగు గల రెండు కుక్కలను కలిపినచో, ఇరువైపుల నుండియు ఆ లక్షణము వచ్చిన పిల్లలు, అనగా సగటున నాలుగింట ఒకటి, చెవిటివిగా గాని, గ్రుడ్డివిగా గాని పుట్టు ప్రమాదము మెండు. రంగునకు ఆశపడి ఈ తప్పు చేయువారు నేటికిని ఉన్నారు.

మందుల విషయము కూడ ఇక్కడనే చెప్పదగినది. పశువులకు పురుగులు పోవుటకు ఇచ్చు ఐవర్‌మెక్టిన్ అను మందు కొన్ని కోలీ కుటుంబములకు విషముతో సమానము. ఆ మందును మెదడులోనికి పోనీయకుండ ఆపు ఏర్పాటు వాటియందు పుట్టుకతోనే లోపించి యుండును. పొడుగు వెండ్రుకల రఫ్ కోలీలలో ఈ లోపము మిక్కిలి తరచు, బోర్డర్ కోలీలలో అరుదు. మందు వేసిన పశువు పేడను తిన్నను ఇట్టి కుక్కకు ముప్పు కలుగవచ్చును. ఇక గ్రేహౌండు వైపునుండి మరియొక చిక్కు వచ్చును. కొన్ని మత్తుమందులను దాని శరీరము త్వరగా విరిచివేయజాలదు గనుక, శస్త్రచికిత్స తరువాత మేలుకొనుట ఆలస్యమగును. రెండు వంశముల గుణములతో పాటు రెండు వంశముల దోషములును కలిసి వచ్చుచున్నవి. లర్చరును పశువైద్యుని యొద్దకు తీసికొని పోవువాడు దాని తల్లిదండ్రుల సంగతి ముందుగా తెలుపుట అందువలననే అవసరము.

పని చేయు తీరు

పగటి పనిలో ముఖ్యమైనది ఫెరెట్టు సహాయముతో బొరియలను ఖాళీ చేయుట. ఫెరెట్టు మన ముంగిసవలె సన్నగా పొడుగుగా నుండు పెంపుడు జంతువు. చలికాలమున, పొదలు ఆకు రాల్చిన తరువాత, రైతు అనుమతితో ఇద్దరు మనుష్యులు, ఒక లర్చరు, రెండు మూడు ఫెరెట్లు బయలుదేరుదురు. లర్చరు ఒక్కొక్క బొరియ ముఖమునొద్ద వాసన చూచి, లోపల కుందేలున్నచో కదలక నిలిచి తల వంచి చెప్పును. లేనిచో ముందుకు సాగును. అబద్ధము చెప్పని కుక్క దొరకుట అదృష్టము. అది గుర్తించిన బొరియల నోళ్ళకు చిన్న వలలు కట్టి, ఒకదానిగుండ ఫెరెట్టును వదలుదురు. లోపలినుండి తరుమబడిన కుందేలు వలలో పడును. వల లేని నోటిగుండ బయటపడినదానిని కుక్క పట్టవలెను. వలలో చిక్కినదానిని ముట్టరాదు, బయటకు వచ్చిన ఫెరెట్టును ముట్టనేరాదు. ఈ వివేకము చూపుటలో కోలీ రక్తమునకు సాటి లేదని ఈ పనివారందరు చెప్పుదురు.

రాత్రి పని దీపముతో జరుగును. చంద్రుడు లేని, గాలి వీచు రాత్రియందు మేత బయలులో బలమైన దీపపు కాంతిని ప్రసరింపజేయుదురు. గాలి చప్పుడులో మనిషి అడుగు కుందేటికి వినబడదు. వెలుగులో అది నేలకు కరచుకొని యుండగా కుక్కను విడుతురు. మంచి కుక్క కాంతిరేఖ వెంబడి పోయి, పట్టి, చీకటిలో దీపమున్న దిక్కునకు తిరిగి వచ్చి కుందేటిని ప్రాణముతోనే చేతి కందించును. మాంసము చిదుకక యుండుటకై ఈ ‘మెత్తని నోరు’ను విలువగా ఎంచుదురు. కుందేలు కంచె దాటిపోయినచో గ్రేహౌండు కంచెకు తగులుకొని గాయపడవచ్చును. కోలీ పాలున్న కుక్క ఆగి, వట్టి శ్రమయని తెలిసికొని మరలి వచ్చును. ఒక రాత్రిలో అనేక పరుగులు తీయవలసిన కుక్కకు ఈ పొదుపు అవసరమే.

ఈ తెలివియే శ్రుతి మించిన దోషముగా మారును. రెండు కుక్కలను కలిపి విడిచినప్పుడు కోలీ లర్చరు రెండవ కుక్కను వెంబడింపనిచ్చి, కుందేలు ఎటు తిరుగునో ఊహించి, అడ్డదారిన పోయి నిలుచును. కష్టము ఒకరిది, ఫలము మరియొకరిది. దీనిని కొందరు నిందింతురు, కొందరు మెత్తురు. కుందేటిని పట్టుటయే పనియైనచో నిందింప నేమున్నదో నాకు తోచదు. వేగమును పందెముగా చూచువారికి మాత్రమే ఇది తప్పుగా తోచవచ్చును.

శిక్షణను గూర్చియు భిన్నాభిప్రాయములు గలవు. పిలిచిన వచ్చుట, కూర్చుండుట, తెమ్మన్న తెచ్చుట, కంచె దుముకుట కోలీ లర్చరునకు కొలది దినములలోనే అబ్బును. ఆ సులువు చూచి యజమాని మితిమీరి శాసించినచో, పరుగు మధ్యలో సైతము అది వెనుదిరిగి ఆజ్ఞకై చూడసాగును. ఎముకలు ముదరకముందే, అనగా సంవత్సరము నిండక పూర్వము, గట్టి పరుగులు పెట్టింపరాదని మాత్రము అందరును అంగీకరింతురు. అన్నిటికంటె ముందుగా నేర్పవలసినది గొఱ్ఱెలను చూచి తల త్రిప్పుకొనుట. కాపరి రక్తము గలది గనుక మందను చూచి కదలక నుండజాలదు. గ్రేహౌండు రక్తము గలది గనుక కదలినచో ఆగజాలదు. పిల్లగా నున్నప్పుడే గొఱ్ఱెల నడుమ త్రాడుతో నడిపించి అలవాటు చేయుదురు. 1953 నాటి చట్టము క్రింద వ్యవసాయ భూమిలో పశువులను బాధించు కుక్కకు దాని యజమానియే దోషి. 1971 నాటి మరియొక చట్టమున, పశువులను కాపాడుకొనుటకు వేరు దారి లేక కుక్కను కాల్చిన రైతునకు రక్షణ కల్పింపబడినది.

తెగులు, చట్టము

1953లో మిక్సొమటోసిస్ అను కుందేటి తెగులు ఫ్రాన్సునుండి కెంటు మండలమునకు చేరినది. రెండు సంవత్సరములలో బ్రిటనులోని బొరియ కుందేళ్ళలో నూటికి 99 చచ్చినవని అంచనా. లర్చర్లకు పని లేకపోయినది. 1954లో పార్లమెంటు ఒక చట్టము చేసి, తెగులును బుద్ధిపూర్వకముగా వ్యాపింపజేయుటను నిషేధించినది. తరువాత కుందేళ్ళు తిరిగి పెరుగకుండ గ్రామములలో రైతులు ప్రభుత్వ సహాయముతో నిర్మూలన సంఘములను ఏర్పరచుకొనిరి. ఒక్కడు తన పొలమును శుభ్రపరచుకొన్నను ప్రక్క పొలమునుండి కుందేళ్ళు వచ్చుచుండును గనుక ఊరంతయు కలిసినగాని ఆ పని సాగదు. ఐనను క్రమముగా తెగులునకు ఓర్చు కుందేళ్ళు పెరిగినవి, వాటితో లర్చర్లును పెరిగినవి. 1992లో రక్తస్రావ రోగము మరియొకటి బ్రిటనుకు చేరి, దాని క్రొత్తరూపు 2010 తరువాత ప్రబలినందున పలుచోట్ల కుందేళ్ళు మరల తగ్గినవి.

2004లో చేయబడి 2005 ఫిబ్రవరి 18 నుండి అమలుకు వచ్చిన వేట చట్టము ఇంగ్లాండు, వేల్సులలో కుక్కలతో అడవిజంతువులను వేటాడుటను నిషేధించినది. భూమి యజమాని అనుమతి యున్నచో ఎలుకలను, బొరియ కుందేళ్ళను పట్టుటకు మాత్రము మినహాయింపు కలదు. చెవులపిల్లిని కుక్కలతో తరుముట నేరము. 1836 నుండి లివర్‌పూలు సమీపమున ఆల్ట్‌కారులో జరుగుచుండిన వాటర్లూ కప్పు పందెము 2005తో ముగిసినది. స్కాట్లండులో 2023 నాటి చట్టము బొరియ కుందేటిని సైతము రక్షిత జంతువులలో చేర్చినది.

చట్టము వచ్చినంత మాత్రమున దొంగపందెములు ఆగలేదు. తూర్పు ఇంగ్లాండులోని సమతల భూములలోనికి కోత ముగిసిన తరువాత పరప్రాంతముల ముఠాలు మోటారు బండ్లలో వచ్చి, గేట్లు విరిచి, మొలకెత్తిన గోధుమను చక్రములతో నలిపి, రెండు కుక్కలను చెవులపిల్లిపై విడిచి పెద్ద మొత్తములు పందెము కాయుదురు. అడ్డు వచ్చిన రైతును బెదిరించుట, కొట్టుటయు కలదు. 2022 నాటి చట్టము ఈ నేరమునకు ఆరు నెలల వరకు జైలును, పరిమితి లేని జరిమానాను విధించినది. పట్టుకొన్న కుక్కల పోషణవ్యయమును నేరస్థునినుండి రాబట్టుటకు, అతడు కుక్కను ఉంచుకొనకుండ నిషేధించుటకును న్యాయస్థానములకు అధికారము కలదు. పరుగు తగ్గిన కుక్కలను దారిప్రక్కల వదలివేయుట ఈ ముఠాల అలవాటు. బ్రిటనులోని కుక్కల శరణాలయములలో లర్చర్లు విస్తారముగా నుండుటకు ఇదియొక కారణము.

మన తావున

కర్ణాటకమున ముధోలు కుక్క, తమిళనాడున చిప్పిపారై కుక్క గ్రేహౌండు వలె చూపుతో వేటాడునవే. ఇట్టివి మన నాటుకుక్కలతో కలిసినప్పుడు పుట్టు సన్నని, పొడుగు కాళ్ళ కుక్కలు పేరు లేని లర్చర్లే. తోటకు, కల్లమునకు, మందకు కావలిగా ఇవి మిక్కిలి ఉపయోగపడును. కాని వేట విషయమున మన చట్టము ఇంగ్లాండు చట్టముకంటె గట్టిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున వేట యను మాటకు చంపుట, ఉచ్చు వేయుట మాత్రమే గాక, తరుముటయు, అందుకు ప్రయత్నించుటయు అర్థముగా చెప్పబడినవి. మన చెవులపిల్లి రక్షిత జంతువు. అది తన పొలములో నున్నను, తన కుక్కయే పట్టినను నేరమే. సామాన్యముగా శిక్ష మూడు సంవత్సరముల వరకు జైలు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును. కృష్ణజింక మొదటి షెడ్యూలులోనిది గనుక దాని విషయమున జైలు మూడు సంవత్సరములకు తగ్గదు, ఏడింటి వరకు పోవచ్చును.

వేసవిలో చెరువులు ఎండి, మిగిలిన గుంటల యొద్దకు జింకలు, చెవులపిల్లులు రాత్రివేళ వచ్చును. ఇరుగుపొరుగు ఊళ్ళనుండి కుక్కలతోను, తలకు కట్టిన దీపములతోను మనుష్యులు వచ్చుటయు ఆ దినములలోనే. వారు కనబడినచో ఎదుర్కొనబోక, వచ్చిన దారి, బండి సంఖ్య, వేళ గుర్తుపెట్టుకొని అటవీశాఖ రేంజి కార్యాలయమునకు, పోలీసు ఠాణాకు తెలుపవలెను. అడవిజంతువులవలన పంట పోయిన రైతు సైతము కుక్కలను విడువక, నష్టమును అటవీశాఖవారికి వ్రాతమూలకముగా తెలుపుకొనవలెను. ఆ దరఖాస్తుతో పాటు పొలము సర్వే నెంబరును, పైరు వివరమును జతచేసినచో తనిఖీ త్వరగా జరుగును.